ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్: విశాఖ తీరాన నిలిచిన తొలి తరం డిస్ట్రాయర్

ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ (డీ 141) స్వతంత్ర భారత నౌకాదళంలో చేరిన తొలి మూడు డిస్ట్రాయర్లలో ఒకటి. 1942లో స్కాట్లాండులో జలప్రవేశం చేసి, హెచ్‌ఎంఎస్ రోథర్‌హామ్ పేరుతో రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పనిచేసింది. 1949లో భారత్ చేతికి వచ్చింది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ఈ నౌక విశాఖపట్నం రేవు దాటిన కాసేపటికే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిపోయింది. ఆ ఒక్క రాత్రితో రాజ్‌పుత్ పేరు చరిత్రకెక్కింది. 1976లో దీన్ని తుక్కు కింద అమ్మేశారు. ఇదే పేరుతో మరో డిస్ట్రాయర్ (డీ 51) 1980 నుంచి 2021 వరకు సేవలందించింది. రెండు నౌకలూ విశాఖతో ముడిపడినవే కావడంతో ఒకదాని కథ మరొకదానికి అంటగట్టడం తరచూ జరుగుతోంది. ఘాజీ కథలోని రాజ్‌పుత్ మొదటిది.

డిస్ట్రాయర్ అంటే

19వ శతాబ్దం చివర్లో టార్పెడో పడవలు పెద్ద యుద్ధనౌకలకు ప్రాణాంతకంగా తయారయ్యాయి. వాటిని వేటాడటానికి వేగంగా పరుగెత్తే, చిన్న ఫిరంగులున్న కొత్త రకం నౌకలను తయారుచేశారు. అవే డిస్ట్రాయర్లు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి వేట జంతువు మారింది. టార్పెడో పడవ స్థానంలోకి జలాంతర్గామి వచ్చింది. దాన్ని నీటి అడుగున దెబ్బతీయడానికి డెప్త్ చార్జి అనే ఆయుధం పుట్టింది. పేలుడు పదార్థం దట్టించిన ఇనుప పీపాను నౌక వెనుక నుంచి గానీ పక్క నుంచి గానీ సముద్రంలో పడేస్తారు. ముందుగా నిర్ణయించిన లోతుకు దిగాక నీటి ఒత్తిడికి అది పేలుతుంది. సూటిగా తగలనక్కర్లేదు. దగ్గర్లో పేలితే చాలు, నీటి అదురుకు జలాంతర్గామి పైకవచం చిట్లిపోతుంది.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ డిస్ట్రాయర్ నిర్మాణంలో వేగానికి పట్టం కట్టిన దేశం ఫ్రాన్స్. లె ఫాంతాస్క్ తరగతి నౌకలు ఆ పోటీకి శిఖరం. వాటిలో ఒకటైన లె తెరిబ్ల్ 1935 పరీక్షల్లో 45 నాట్లు, అంటే గంటకు 83 కిలోమీటర్లు దాటింది. యుద్ధం మొదలయ్యాక ఆ తరగతిలోని నౌకలు చెల్లాచెదురయ్యాయి. జర్మన్ల చేతికి చిక్కకుండా 1942 నవంబరు 27న తూలోన్ రేవులో ఫ్రెంచివాళ్లు తమ నౌకలను తామే ముంచేసుకున్నప్పుడు లాందోంతాబ్ల్ కూడా మునిగింది. అదే తరగతికి చెందిన లె త్రియోంఫాన్ మాత్రం స్వేచ్ఛా ఫ్రాన్స్ పక్షాన పసిఫిక్ దాకా వెళ్లి, 1942 ఫిబ్రవరిలో నౌరు దీవిలోని ఫాస్ఫేట్ గనుల ఉద్యోగులను తరలించింది. ఒకే అచ్చులో పోసిన నౌకలకు ఇంత భిన్నమైన గతులు పట్టడం డిస్ట్రాయర్ల చరిత్రలో మామూలే. రాజ్‌పుత్ వంశంలోనూ అలాగే జరిగింది.

క్లైడ్ ఒడ్డున

రోథర్‌హామ్ ఆర్ తరగతి నౌక. యుద్ధ అవసరం తరుముతుండగా బ్రిటన్ హడావుడిగా కట్టించిన ఎనిమిది నౌకల దళానికి ఇది నాయకత్వ నౌక. క్లైడ్‌బ్యాంక్‌లోని జాన్ బ్రౌన్ నౌకాశాలలో 1941 ఏప్రిల్ 10న నిర్మాణం మొదలైంది. 1942 మార్చి 21న జలప్రవేశం, ఆగస్టు 27న నౌకాదళ ప్రవేశం జరిగాయి. పొడవు 109 మీటర్లు, వెడల్పు దాదాపు 11 మీటర్లు. 40,000 అశ్వశక్తి ఇచ్చే ఆవిరి టర్బైన్లు, 36 నాట్ల వేగం. నాలుగు 4.7 అంగుళాల ఫిరంగులు, ఎనిమిది టార్పెడో గొట్టాలు, విమానాలను తిప్పికొట్టే తుపాకులు, డెప్త్ చార్జీలు దీని ఆయుధాలు.

ఈ తరగతిలో నావికులకు నచ్చిన మార్పు ఒకటుంది. అంతకుముందు డిస్ట్రాయర్లలో అధికారుల గదులు వెనుక భాగంలో ఉండేవి. తుపాను వేళ అలలు డెక్కు మీంచి పొర్లుతుంటే వెనుక నుంచి ముందుకు రావడమే ప్రాణగండం. ఆర్ తరగతిలో ఆ గదులను నౌక మధ్యకు తెచ్చారు.

రోథర్‌హామ్ నీటిలోకి దిగిన పదహారు రోజులకు, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తెలుగు తీరానికి ఆధునిక యుద్ధం తగలడం అదే మొదలు. బంగాళాఖాతంలో జపాన్‌ను ఎదుర్కోగలిగినంత బలగం అప్పుడు బ్రిటన్‌కు లేదు. ఆ లోటు తీర్చడానికి తర్వాతి ఏళ్లలో తూర్పు నౌకాదళానికి పంపిన నౌకల్లో రోథర్‌హామ్ ఉంది. 1944 ఏప్రిల్ 19న సుమత్రా ఉత్తర కొసన ఉన్న సబాంగ్ మీద మిత్రపక్షాలు జరిపిన విమానదాడిలో ఇది రక్షణ నౌకగా వెళ్లింది. బ్రిటిష్ విమానవాహక నౌక ఇలస్ట్రియస్, అమెరికా సారాటోగా, ఫ్రెంచి యుద్ధనౌక రిషెల్యూ ఆ దళంలో కలిసి నడిచాయి. 1945 సెప్టెంబరులో సింగపూర్ నౌకాస్థావరాన్ని జపనీయుల నుంచి తిరిగి తీసుకునే పనిలోనూ రోథర్‌హామ్ పాల్గొంది. ఆ స్థావరపు ద్వారాల్లో ఒకటి చాలాకాలం రోథర్‌హామ్ గేటు అనే పేరుతోనే నిలిచింది.

1949: చేతులు మారడం

దేశ విభజనతో పాటు నౌకాదళం కూడా పంచుకోక తప్పలేదు. భారత్ వాటాకు వచ్చిన పెద్ద నౌకలంటే స్లూపులు అనే రక్షణ నౌకలు నాలుగు. వాటిలో ఒకదాని పేరు కిస్ట్నా, మన కృష్ణానదే. వాటితో ఇంత పొడవైన తీరాన్ని కాయడం అసాధ్యం. 1948లో క్రూజర్ అకిలీస్ ఢిల్లీగా మారి వచ్చింది. క్రూజర్ ఒంటరిగా తిరగకూడదు, చుట్టూ డిస్ట్రాయర్లు ఉండాలి. అందుకే 1949లో బ్రిటన్ నుంచి మూడు ఆర్ తరగతి నౌకలు తీసుకున్నారు. రోథర్‌హామ్ రాజ్‌పుత్ అయింది, రైడర్ రాణా అయింది, రిడౌట్ రంజిత్ అయింది. ఇంగ్లీషు పేర్లలాగే కొత్త పేర్లూ ఆర్ ధ్వనితోనే మొదలవుతాయి. గణతంత్రం వచ్చిన 1950 జనవరి 26 వరకు ఇవి హెచ్‌ఎంఐఎస్ అన్న పాత రాచరిక ముద్రతోనే తిరిగాయి. 1953లో గోదావరి, గోమతి, గంగ పేర్లతో మరో మూడు చిన్న డిస్ట్రాయర్లు తోడయ్యాయి.

బ్రిటన్ దగ్గర మిగిలిన ఆర్ తరగతి నౌకల్లో రాపిడ్, రిలెంట్‌లెస్, రాకెట్, రోబక్‌లను పైభాగమంతా కూల్చి, జలాంతర్గాములను వేటాడే ఫ్రిగేట్లుగా మలిచారు. మన మూడింటికి అంత ఖర్చు పెట్టలేదు. 1942 నాటి రూపంతో, ఫిరంగులతో, టార్పెడో గొట్టాలతోనే అవి కొనసాగాయి. 1950, 60 దశకాల్లో శిక్షణ, విన్యాసాలు, విదేశీ రేవుల పర్యటనలు వాటి పని. ఒక తరం భారతీయ నావికులు డిస్ట్రాయర్ నడపడం నేర్చుకున్నది వీటి మీదే. అంతటి పనికి పెద్దగా ప్రచారం దక్కలేదు.

1971: ఎర

1971 నాటికి రాజ్‌పుత్ వయసు ముప్పై ఏళ్లకు దగ్గరపడింది. సేవ నుంచి తప్పించే దశకు వచ్చేసింది. అప్పుడే దానికి జీవితంలోకెల్లా పెద్ద పని పడింది.

తూర్పు నౌకాదళ కమాండు 1968లో విశాఖ కేంద్రంగా ఏర్పడింది. 1971లో దాని అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. ఆయన చేతిలోని ప్రధాన అస్త్రం విమానవాహక నౌక విక్రాంత్. తూర్పు పాకిస్తాన్‌ను (నేటి బంగ్లాదేశ్‌ను) సముద్రం వైపు నుంచి దిగ్బంధించాలంటే అదే ఆధారం. అయితే దాని బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చాయి. పూర్తి వేగం అందుకోలేని నౌక జలాంతర్గామికి తేలికైన వేట.

ఆ వేటకు పాకిస్తాన్ ఘాజీని ఎంచుకుంది. ఇది అమెరికా నౌక యూఎస్‌ఎస్ డయాబ్లో. 1944 చివర్లో జలప్రవేశం చేసి, 1964లో పాకిస్తాన్‌కు అద్దె మీద వెళ్లింది. అరేబియా సముద్రం నుంచి సిలోన్ చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగలిగిన దూరసామర్థ్యం పాకిస్తాన్ జలాంతర్గాముల్లో దీనికొక్కదానికే ఉంది. కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో 1971 నవంబరు 14న కరాచీ వదిలింది. విక్రాంత్‌ను కనిపెట్టడం మొదటి పని. విశాఖ ముందర మందుపాతరలు పరచడం రెండోది.

విక్రాంత్‌ను వెతుకుతూ ఘాజీ మద్రాసు దరిదాపులకు చేరేసరికి విక్రాంత్ అక్కడ లేదు. కృష్ణన్ దాన్ని అండమాన్ దీవుల్లోని ఒక రహస్య లంగరు స్థలానికి పంపించేశారు. ఆ చోటుకు పెట్టుకున్న సంకేతనామం పోర్ట్ ఎక్స్‌రే. విక్రాంత్ విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించడానికి ఆయన పన్నిన పథకంలో రాజ్‌పుత్‌ది ముఖ్యపాత్ర. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్‌సింగ్ నడుపుతున్న ఈ నౌక విశాఖకు దాదాపు 160 మైళ్ల దూరం వెళ్లి, విమానవాహక నౌక పంపించేటంత భారీగా వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఊళ్లో కాంట్రాక్టర్లకు పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలు కావాలని కబురు పెట్టారు. అంత సరుకు ఎవరికోసమో బజారు వాళ్లే ఊహించుకుంటారని కృష్ణన్ లెక్క. విక్రాంత్ మీద ఉన్నట్టుగా ఒక నావికుడి పేరిట తల్లి ఆరోగ్యం వాకబు చేస్తూ మామూలు తంతి కూడా ఇప్పించారు. ఈ వివరాలన్నీ కృష్ణన్ తర్వాతి కాలంలో స్వయంగా రాసినవే.

నా దృష్టిలో ఈ పథకంలో గొప్పదనం దాని సాదాతనంలో ఉంది. కొత్త ఆయుధం ఒక్కటీ లేదు. తుక్కుకు పోవాల్సిన ఓ నౌకను, తంతి ఆఫీసును, కూరగాయల బజారును ఒక అధికారి ఆయుధాలుగా మలిచాడు. రాజ్‌పుత్ సిబ్బంది మాత్రం ఇందులో నిజంగానే ప్రాణాలు ఒడ్డారు. ఎరగా వెళ్లే నౌకకు శత్రువు కంటపడటమే పని.

డిసెంబరు 3 అర్ధరాత్రి

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమ భారత వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. రాత్రి రాజ్‌పుత్ విశాఖలో ఇంధనం నింపుకుని, దారి చూపే దీపాలు, సాధనాలు ఆర్పేసి, రేవులో నౌకలకు దారి చూపే పైలట్‌ను ఎక్కించుకుని కదిలింది.

సముద్రానికి దూరంగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి మెట్ట ప్రాంతాల్లో పెరిగిన పాఠకులకు ఇక్కడ కొంత చెప్పాలి. 1933లో ప్రారంభమైన విశాఖ రేవు భూమి లోపలికి చొచ్చుకుని ఉంటుంది. డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా తవ్విన ఇరుకైన ఛానెల్ గుండానే నౌకలు సముద్రంలోకి వెళ్లాలి. బయటి రేవు అప్పటికింకా లేదు. ఛానెల్‌లో నౌక నిదానంగా పోవాలి, పక్కకు తిరిగే వీలుండదు. ఒకే గుమ్మం ఉన్న సందులోంచి బయటికి వచ్చేవాడి కోసం గుమ్మం పక్కనే పొంచి ఉన్నవాడికి ఎంత అనువో, ఛానెల్ నోటి దగ్గర జలాంతర్గామికీ అంతే అనువు.

ఇందర్‌సింగ్‌కు ఆ ఆలోచనే వచ్చింది. ఇంజన్లు ఆపించి, పైలట్‌ను దించేసి, వెంటనే వేగం పెంచమని ఆదేశించాడు. కొద్దిసేపటికే నౌక ముందు కుడివైపు నీటిలో అలజడి కనిపించిందని కాపలా నావికుడు కేక వేశాడు. జలాంతర్గామి అప్పుడే మునిగితే నీరు అలా కదులుతుంది. రాజ్‌పుత్ పూర్తి వేగంతో ఆ చోటి మీదకు తిరిగి రెండు డెప్త్ చార్జీలు వదిలింది. తర్వాత ఏమీ కనిపించకపోవడంతో తన దారిన సాగిపోయింది.

అర్ధరాత్రి దాటి పావుగంటకు సముద్రంలో పెద్ద పేలుడు వినిపించింది. తీరం వెంట ఇళ్ల కిటికీలు అదిరిపోయాయి. ప్రధాని ఇందిరాగాంధీ ప్రసంగం కోసం జనం రేడియోల ముందు మేలుకునే ఉన్న రాత్రి అది. తెల్లారాక జాలర్లు నీటి మీద తేలుతున్న శకలాలు, నూనె తెట్టు చూశారు. దొరికిన వస్తువుల్లో డయాబ్లో పేరున్నవి ఉన్నాయి. రక్షణ నౌక నిస్తార్ నుంచి దిగిన డైవర్లు సముద్రపు అడుగున ముందుభాగం ఛిద్రమైన జలాంతర్గామిని గుర్తించారు. అందులోని తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. డిసెంబరు 9న భారత ప్రభుత్వం ఘాజీ మునకను ప్రకటించింది. ఇందర్‌సింగ్‌కు వీరచక్ర లభించింది.

ఇక విక్రాంత్ డిసెంబరు 4 నుంచే తన సీ హాక్ విమానాలతో కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌లపై దాడులు మొదలుపెట్టింది. 

ఎవరు ముంచారన్న వివాదం

ఘాజీ ఎలా మునిగిందన్న ప్రశ్నకు మూడు సమాధానాలు ప్రచారంలో ఉన్నాయి. రాజ్‌పుత్ డెప్త్ చార్జీలే ముంచాయన్నది భారత నౌకాదళం మొదటినుంచీ చెప్పిన మాట. ఘాజీ తాను పరుస్తున్న మందుపాతరకే బలైందని, లేదా లోపలి ఆయుధాలు పేలాయని పాకిస్తాన్ వర్గాలు చెబుతూ వచ్చాయి. మూడో వాదన బ్యాటరీల గురించి. నీటి అడుగున జలాంతర్గామి బ్యాటరీల మీద నడుస్తుంది. వాటికి చార్జింగ్ పెట్టినప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలి సరిగా ఆడక అది పేరుకుంటే నిప్పురవ్వ చాలు. లోపలి పేలుడునే కారణంగా భావించిన భారతీయ సైనికాధికారులూ ఉన్నారు. డెప్త్ చార్జీలు వేసిన క్షణానికీ పెద్ద పేలుడుకూ మధ్య కొన్ని నిమిషాల తేడా ఉండటం ఈ అనుమానాన్ని బలపరిచింది. అయితే డెప్త్ చార్జి అదురుకు ఘాజీ లోపలి మందుపాతరలు పేలి ఉండవచ్చు. అప్పుడు ఈ వాదనలు ఒకదానికొకటి అడ్డురావు.

ఘాజీకి సంబంధించిన నౌకాదళ పత్రాలు కొన్నింటిని ధ్వంసం చేశారని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. చరిత్ర రాసేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ఉన్న ఆధారాలతో నేను చెప్పగలిగింది ఇంతే: ఆ రెండు డెప్త్ చార్జీల మాట ఎలా తేలినా, ఆ వారాల్లో విక్రాంత్ జాడ దాచిపెట్టడంలో రాజ్‌పుత్ పాత్ర మీద వివాదమేమీ లేదు. నౌకకు దక్కాల్సిన గౌరవం అక్కడే ఉంది.

2017లో సంకల్ప్‌రెడ్డి తీసిన ‘ఘాజీ’ చిత్రం ఈ ఘటనను కొత్త తరానికి పరిచయం చేసింది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా పొందింది. తెర మీద పోరు రెండు జలాంతర్గాముల మధ్య సాగుతుంది. సినిమాగా అది రక్తి కట్టింది. కానీ ఛానెల్ నోటి దగ్గర ముసలి డిస్ట్రాయర్ మీద నిలబడ్డ నావికుల కథను అది చెప్పలేదు. ఆ కథ తెలుగులో ఇంకా ఎవరైనా చెప్పవలసే ఉంది.

కాలం చెల్లిన తరగతి

అదే యుద్ధం రాజ్‌పుత్ వంటి నౌకల కాలం అయిపోయిందనీ తేల్చింది. డిసెంబరు 4 రాత్రి కరాచీ ముందర చిన్న క్షిపణి పడవలు నిర్ఘాత్, నిపాత్, వీర్ దాడి చేశాయి. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్, అంటే బ్రిటన్ పాత నౌక కాడిజ్, క్షిపణి దెబ్బకు మునిగింది. ఫిరంగి గురిచూసే దూరానికి రాకముందే పని ముగిసింది. డిసెంబరు 9న భారత ఫ్రిగేట్ ఖుక్రీని ఫ్రాన్స్‌లో కట్టిన జలాంతర్గామి హంగోర్ ముంచేసింది. ఖుక్రీకి డెప్త్ చార్జి వాడే అవకాశమే రాలేదు.

ఐదేళ్లకు రాజ్‌పుత్ తుక్కుకు వెళ్లింది. రాణా, రంజిత్‌లకూ అదే గతి పట్టింది.

రెండో రాజ్‌పుత్

పేర్లు మాత్రం పోలేదు. సోవియట్ యూనియన్ నుంచి తీసుకున్న ఐదు క్షిపణి డిస్ట్రాయర్లలో మూడింటికి రాజ్‌పుత్, రాణా, రంజిత్ అనే పేర్లే పెట్టారు. మిగతా రెండు రణవీర్, రణవిజయ్. కొత్త రాజ్‌పుత్‌ను ఇప్పటి ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో కట్టారు. రష్యన్ పేరు నదేజ్నీ. 1980 మే 4న జార్జియాలోని పోతి రేవులో, అప్పటి మన రాయబారి ఐ.కె. గుజ్రాల్ సమక్షంలో నౌకాదళంలో చేరింది. తొలి కెప్టెన్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ. తర్వాతి కాలంలో నౌకాదళ అధికారిక చరిత్ర రాసి, అందులో 1971 యుద్ధాన్ని వివరించిందీ ఆయనే.

గ్యాస్ టర్బైన్లతో నడిచే ఈ నౌక శ్రీలంక శాంతిసేన, మాల్దీవుల ఆపరేషన్లలో పాల్గొంది. బ్రహ్మోస్ క్షిపణిని సముద్రం మీంచి ప్రయోగించి చూసింది దీని మీంచే. సైన్యంలోని ఒక రెజిమెంటుతో, అంటే రాజ్‌పుత్ రెజిమెంటుతో, అనుబంధం కుదిరిన తొలి నౌక కూడా ఇదే. 2021 మే 21న విశాఖ నౌకాదళ డాక్‌యార్డులో కొవిడ్ ఆంక్షల మధ్య, కొద్దిమంది సమక్షంలో దీనికి వీడ్కోలు పలికారు. ఆరు నెలలకు, నవంబరు 21న, ముంబైలో కట్టిన కొత్త డిస్ట్రాయర్ విశాఖపట్నం నౌకాదళంలో చేరింది.

విశాఖలో ఆనవాళ్లు

ఆర్.కె. బీచ్‌లో 1996లో కట్టిన విజయ స్మారకం 1971 నావికులకు నివాళి. దానికి దగ్గర్లో 2002 నుంచి జలాంతర్గామి కురుసుర ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఘాజీ శకలాలు చూడవచ్చు. మునిగిన నౌకకు ఆనవాళ్లు మిగిలాయి. దాన్ని ఎదిరించి వచ్చిన నౌకను మాత్రం కోసి అమ్మేశారు. తుక్కయిన నౌకను తిరిగి తేలేం కానీ, దాని చరిత్రను కూడగట్టవచ్చు. ఆ రాత్రి రేవులో, తీరంలో, జాలరిపేటల్లో ఉన్నవాళ్లలో నేటికీ ఉన్నవారు చాలా పెద్దవయసువారు. విశాఖ కుటుంబాల పెట్టెల్లో రాజ్‌పుత్ నాటి ఫొటోలు, ఉత్తరాలు, సర్వీసు పుస్తకాలు ఉంటే వాటిని మ్యూజియానికి గానీ విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకు గానీ ఈ ఏడాదే చేర్చండి.